ఐదు న్యూటన్ మీటర్లు

మౌంటెన్ బైక్ హ్యాండిల్‌ను పట్టి ఉంచే చిన్న అల్యూమినియం ముక్కను స్టెమ్ అంటారు. అరచేతిలో ఇమిడిపోతుంది. ఒక కొసన అది ముందు ఫోర్క్ నుంచి పైకి వచ్చిన గొట్టాన్ని పట్టుకుంటుంది, రెండో కొసన హ్యాండిల్ రాడ్డును పట్టుకుంటుంది. సాధారణంగా దానికి ఆరు బోల్టులుంటాయి. గొట్టం వైపు రెండు, హ్యాండిల్ వైపు నాలుగు. ఆ బోల్టుల పక్కనే గోరంత అక్షరాలు చెక్కి ఉంటాయి: 5 ఎన్‌ఎం అనో, 5-6 ఎన్‌ఎం అనో. చాలామంది దాన్ని మోడల్ నంబరు అనుకుంటారు. కానీ అది ఆ బోల్టును ఎంత బలంతో తిప్పాలో తయారుచేసినవాళ్లు చెప్పిన కొలత. సైకిల్ మీద కూర్చున్న పిల్లవాడి పళ్లు, దవడ, మెడ ఆ అంకె మీద ఆధారపడి ఉంటాయి.

నేను సైకిల్ మెకానిక్‌ను కాను. మాది కాజీపేట. రైల్వే వర్క్‌షాపులో లోహాల పరీక్షలు చేసే ల్యాబ్‌లో పనిచేసి రిటైరయ్యాను. విరిగిన స్ప్రింగులు, పగిలిన ఇరుసులు, తల ఊడిన బోల్టులు మా బల్ల మీదికి వచ్చేవి. అవి ఎందుకు విరిగాయో చెప్పడం మా ఉద్యోగం. ఇప్పుడు సికింద్రాబాద్‌లో ఉంటున్నాను. మా మేనల్లుడూ వాడి స్నేహితులూ ఆదివారాలు అనంతగిరి కొండల మట్టిదారుల్లో సైకిళ్లు తొక్కుతారు. ఎవరి సైకిల్‌కు ఏది విరిగినా "అత్తా, ఇది చూడు" అంటూ పట్టుకొస్తారు. వాటిలో నేను ఎక్కువగా చూసింది స్టెమ్ బోల్టులు. మూడు వంతుల ముక్కల్లో కనిపించే కారణం ఒకటే. బోల్టు నాసిరకం కాదు, బిగించిన తీరు సరిగా లేదు.

ముందు ఎన్‌ఎం, అంటే న్యూటన్ మీటరు సంగతి చెబుతాను. మీటరు పొడవున్న పానా చివర సుమారు వంద గ్రాముల బరువు వేలాడదీస్తే బోల్టు మీద పడే తిప్పుడు బలం ఒక న్యూటన్ మీటరు. స్టెమ్‌కు కావాల్సిన ఐదు న్యూటన్ మీటర్లు అంటే మీటరు పానా చివర అరకిలో. పది సెంటీమీటర్ల ఎల్ కీ అయితే దాని కొసన ఐదు కిలోల ఒత్తిడి. ఒక్క చేత్తో, భుజం కదపకుండా ఇవ్వగలిగిన బలం అది. పదిహేను సెంటీమీటర్ల పిడి ఉన్న కీ తీసుకుని మామూలు మనిషి గట్టిగా లాగితే ఇరవై న్యూటన్ మీటర్లు సునాయాసంగా దాటిపోతాయి.

అసలు ఇబ్బంది ఇక్కడే మొదలవుతుంది. మన ఊళ్లలో సైకిల్ మెకానిక్ చెయ్యి నేర్చుకున్నది పాత ఉక్కు సైకిళ్ల మీద. వెనక చక్రం నట్లు ముప్పై, నలభై న్యూటన్ మీటర్లు అడుగుతాయి. చక్రం జారకుండా ఉండాలంటే పానాను ఒళ్లు వంచి లాగాల్సిందే. పాత హ్యాండిల్ కూడా గొట్టం లోపలికి దిగే ఉక్కు కాడతో ఉండేది. పైనున్న లావు బోల్టు తిప్పితే కింద కోను పైకి వచ్చి గొట్టంలో బిగుసుకునేది. దానికీ ఇరవై దాకా పడుతుంది. కాస్త ఎక్కువ తిప్పినా ఆ ఉక్కు తట్టుకునేది, విరగబోయే ముందు వంగి చూపించేది. ఆ చెయ్యి తప్పు చెయ్యి కాదు. ఆ సైకిల్‌కు అదే సరైన చెయ్యి. 1990ల మొదట్లో మరలేని గొట్టం, బయటి నుంచి బిగిసే స్టెమ్ వచ్చాయి. ఆ తరవాత గేరు సైకిళ్లతో పాటు అల్యూమినియం మన బజార్లలోకి దిగింది. చెయ్యి మాత్రం పాతదే మిగిలింది.

మా వీధి చివర షాపు నడిపే ఆయనతో ఈ మాటే అన్నాను. ముప్పయ్యేళ్లకు పైగా ఆ పనిలో ఉన్న మనిషి. "ఏం కాదు మేడమ్, నా చెయ్యికి ఎరుకైతది" అన్నాడు. కొలిచి చూద్దామని, తిప్పుడు బలాన్ని సూదితో చూపించే టార్క్ రెంచ్ ఆయన చేతికిచ్చి, సూది కనబడకుండా గుడ్డ కప్పాను. ఎప్పటిలా బిగించమన్నాను. గుడ్డ తీస్తే సూది తొమ్మిది దాటి ఉంది. ఇంకో బోల్టుకు పదకొండు దగ్గరికి వెళ్లింది. ఆయన చాలాసేపు ఆ సూది వైపే చూశాడు. తరవాత అన్న మాట నాకు బాగా నచ్చింది: "గట్టిగ పట్టుకోవాలె అనే జూస్తిని, ఎంత గట్టిగ అనేది జూడలే." అయితే ఆయన చేతికి తెలిసినది నా రెంచ్‌కు తెలియదు. బోల్టు సాగడం మొదలుపెట్టగానే వేళ్లకు ఒక మెత్తదనం తగులుతుంది. తిప్పుతున్నా బిగువు పెరగదు. ఆయన అది పట్టేసి "ఇది పోయింది మేడమ్" అంటాడు. పెట్టిన అంకె చేరగానే క్లిక్కుమనే రెంచ్ అయితే ఇంకా ఆ క్లిక్కు కోసం ఎదురుచూస్తూ ఉంటుంది.

బోల్టు లోపల ఏం జరుగుతుందో తెలిస్తే మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది. బోల్టు రెండు ముక్కల్ని మేకులా గుచ్చి నిలపదు. అది ఉక్కు స్ప్రింగు. తిప్పినకొద్దీ పొడవుగా సాగుతుంది, సాగినది వెనక్కి లాక్కుంటుంది, ఆ లాగుడే రెండు ముక్కల్నీ నొక్కి ఉంచుతుంది. స్టెమ్‌కు ఎక్కువగా వాడేవి ఎం5 బోల్టులు, అంటే ఐదు మిల్లీమీటర్ల లావు. పొడి మరలతో దాన్ని ఐదు న్యూటన్ మీటర్లకు బిగిస్తే సుమారు 500 కిలోల బరువుతో లాగినంత బిగువు వస్తుంది. నాలుగు బోల్టులకు రెండు టన్నులు. ఆ చిన్న ముక్క హ్యాండిల్‌ను పట్టుకునేది అంత బలంతో. అయినా ఒక్కో బోల్టు సాగేది పదిహేను మిల్లీమీటర్ల పొడవుకు మిల్లీమీటరులో నలభయ్యో వంతు మాత్రమే. కంటికి కనిపించదు, చేతికి తెలియదు. అందుకే కొలవాలి అంటున్నాను.

మనం తిప్పే బలమంతా బోల్టును సాగదీయడానికి పోదు. సుమారు సగం బోల్టు తల కింది రాపిడికి, ఇంకో నలభై శాతం మరల మధ్య రాపిడికి పోతాయి. మిగిలిన పదో వంతే సాగదీసే పని చేస్తుంది. కాబట్టి రాపిడి కొంచెం మారినా ఆ పదో వంతు బాగా మారిపోతుంది. మరలకు గ్రీజు రాస్తే అదే ఐదు న్యూటన్ మీటర్లకు బిగువు 500 కిలోల నుంచి 650 దాటవచ్చు. తుప్పు పట్టి మట్టి దూరిన మరలైతే రెంచ్ ఐదు చూపిస్తూనే ఉంటుంది, బిగువు మాత్రం సగం కూడా రాకపోవచ్చు. యంత్రాల పనిలో సాధారణంగా చెప్పుకునే లెక్క ఒకటుంది: చేతి అంచనాతో బిగిస్తే బిగువు ముప్పై అయిదు శాతం దాకా అటూ ఇటూ పోతుంది, టార్క్ రెంచ్‌తో బిగించినా పాతిక శాతం దాకా తేడా రావచ్చు. "అలాంటప్పుడు రెంచ్ దేనికి?" అని మా మేనల్లుడు అడిగాడు. తయారీదారు ఆ స్టెమ్‌ను పరీక్షించింది అదే కొలతకు, అలాంటి బోల్టులతోనే కనుక. శుభ్రమైన మరలు, వాళ్లిచ్చిన బోల్టు, వాళ్లు చెప్పిన గ్రీజు, వాళ్లు రాసిన అంకె. ఈ నాలుగూ కుదిరితే మన బిగువు వాళ్లు పరీక్షించిన హద్దులోనే ఉంటుంది.

వాళ్లిచ్చిన బోల్టే అని ఎందుకు అంటున్నానంటే, తళతళలాడే స్టెయిన్‌లెస్ బోల్టుల మీద మనవాళ్లకు మహా మోజు. తుప్పు పట్టదు, చూడటానికి బాగుంటుంది, హార్డ్‌వేర్ షాపులో కొన్ని రూపాయలకే దొరుకుతుంది. కానీ ఉక్కు బోల్టు తల మీద 8.8, 10.9, 12.9 అని అంకెలుంటాయి. మొదటి అంకె అది తెగే బలాన్ని చెబుతుంది, చుక్క తరవాతిది అందులో ఎంత భాగం దగ్గర అది శాశ్వతంగా సాగిపోతుందో చెబుతుంది. ఎం5 సైజులో 8.8 రకం సాగిపోవాలంటే 900 కిలోల పైచిలుకు కావాలి. 12.9 రకానికి పదిహేను వందల కిలోలు దాటాలి. షాపుల్లో మామూలుగా దొరికే ఏ2-70 స్టెయిన్‌లెస్‌కు 650 దగ్గరే హద్దు. ఇందాక గ్రీజు రాసిన మరకు వచ్చిన బిగువు గుర్తుందా? అదీ 650 దగ్గరే. అంటే సరైన టార్క్ పెట్టి, మంచిదని గ్రీజు రాసి, అందంగా ఉందని స్టెయిన్‌లెస్ వేసుకున్నవాడి బోల్టు ఇంట్లో నుంచి బయలుదేరకముందే తన హద్దు మీద నిలబడి ఉంది. మొదటి గుంటలో అది సాగుతుంది, వదులవుతుంది, ఆ తరవాత విరుగుతుంది.

ఎక్కువ బిగిస్తే విరుగుతుందని ఎవరైనా ఒప్పుకుంటారు. తక్కువ బిగించినా బోల్టే విరుగుతుందంటే మాత్రం నమ్మరు. వదులైతే హ్యాండిల్ జారుతుంది గాని బోల్టుకేమవుతుంది అంటారు. నా అనుభవంలో ఎక్కువ గాయాలు చేసింది ఈ రెండోదే. కనుక దీని దగ్గర కాసేపు ఆగుతాను.

బిగువు సరిగా ఉన్నప్పుడు రెండు ముక్కలూ ఒకదానికొకటి గట్టిగా నొక్కుకుని ఉంటాయి. రాయి మీద చక్రం ఎగిరిపడినప్పుడు వచ్చే కుదుపును ఎక్కువగా ఆ నొక్కుడే మింగేస్తుంది. బోల్టు దాకా చేరేది అందులో చిన్న వాటా. బిగువు తగ్గితే ముక్కల మధ్య నొక్కుడు పోతుంది, ప్రతి కుదుపూ నేరుగా బోల్టుకు తగులుతుంది. లాగడం, వదలడం, లాగడం, వదలడం. కొండ దిగే ఒక్క గంటలో వేలసార్లు. ఏ ఒక్క లాగుడూ బోల్టును తెంపేంత పెద్దది కాదు. అయినా మర మొదట్లో, తల కింది మూలలో కంటికి కనబడని పగులు పుడుతుంది, కుదుపు కుదుపుకూ కాస్త ముందుకు జరుగుతుంది. ఇంకా పగలని భాగం ఆ బరువు మోయలేని రోజు తటాలున తెగుతుంది. లోహం అలసిపోవడం అంటే ఇదే.

ఈ సంగతి ప్రపంచానికి తెలిసింది రైళ్ల వల్ల. 1842 మే 8న వర్సాయ్ నుంచి పారిస్ వస్తున్న రైలు మ్యూడాన్ దగ్గర ఇంజను ఇరుసు విరిగి పడిపోయింది. పెట్టెలు మంటల్లో చిక్కుకుని యాభై మందికి పైగా చనిపోయారు. అంటార్కిటికా తీరం దాకా వెళ్లొచ్చిన ఫ్రెంచి నావికుడు డ్యూమాన్ ద్యుర్విల్ కూడా భార్యాబిడ్డలతో సహా ఆ రైల్లోనే పోయాడు. చూడటానికి బాగానే ఉన్న ఇరుసు మామూలు బరువుకు ఎందుకు విరిగిందో అప్పట్లో ఎవరికీ అంతుపట్టలేదు. జర్మన్ రైల్వే ఇంజినీరు ఆగస్ట్ వోలర్ 1850లు, 60లలో ఇరుసుల్ని వంచుతూ తిప్పుతూ ఏళ్ల తరబడి పరీక్షలు చేశాడు. ఒక్కసారికి ఏమీ చేయలేని బరువు, లక్షలసార్లు పడితే విరుస్తుందని తేల్చాడు. ఉక్కుకు ఒక కింది హద్దు ఉంటుందనీ, దానికి లోపల ఎన్నిసార్లు వంచినా విరగదనీ కనిపెట్టాడు. మా ల్యాబ్‌లో చేసిన పనంతా ఆయన వేసిన పునాది మీదే.

అల్యూమినియానికి అలాంటి కింది హద్దు లేదు. చిన్న కుదుపు కూడా దాని ఆయుష్షులో కాస్త తీసుకుంటుంది. అందుకని అల్యూమినియం స్టెమ్ చెడ్డదని కాదు. ఆయుష్షు చాలా ఎక్కువ ఉండేలా, చాలినంత మందంతో చేస్తారు. సైకిళ్ల భద్రతకు ఉన్న ఐఎస్ఓ 4210 ప్రమాణంలో హ్యాండిల్‌ను, స్టెమ్‌ను కలిపి బిగించి లక్షసార్లు అటూ ఇటూ వంచే పరీక్ష ఉంది. అది దాటిన స్టెమ్ మన పిల్లల్ని చాలాకాలం మోస్తుంది, దాన్ని పరీక్షలో బిగించినట్టే మనమూ బిగిస్తే.

పందేల ప్రపంచంలో కూడా ఈ ముందు భాగం విరిగి మనుషులు పడ్డారు. 2006 ఏప్రిల్‌లో, ఫ్రాన్స్‌లో రాళ్లు పరిచిన దారుల మీద జరిగే పారిస్-రూబే పందెంలో అమెరికన్ రైడర్ జార్జ్ హింకాపీ సైకిల్ ఫోర్క్ గొట్టం తెగిపోయింది. చేతుల్లో హ్యాండిల్ ఉంది, కింద చక్రంతో దానికి సంబంధం లేదు. భుజం మీద పడ్డాడు. 2021 ఆగస్టులో టోక్యో ఒలింపిక్స్ ట్రాక్ మీద ఆస్ట్రేలియా రైడర్ అలెక్స్ పోర్టర్ హ్యాండిల్ విరిగి ముఖం మీద పడ్డాడు. అది అలసట వల్లే విరిగిందని తరవాత విచారణలో తేలింది. ఇవి స్టెమ్ బోల్టుల తప్పులు కావు. కానీ ముందు భాగంలో ఏది తెగినా రైడర్‌కు చెయ్యి అడ్డం పెట్టుకునే క్షణం కూడా దొరకదని వీటిని చూస్తే అర్థమవుతుంది. బ్రేకు పోతే పక్కకు దిగవచ్చు, గొలుసు తెగితే కాళ్లు ఆనించవచ్చు. హ్యాండిల్ ఊడితే ముఖమే ముందు నేలకు తగులుతుంది.

మౌంటెన్ బైకుకు ఈ బెడద ఎక్కువ. హ్యాండిల్ వెడల్పు ఇప్పుడు 760, 800 మిల్లీమీటర్ల దాకా వచ్చింది. మధ్యనున్న స్టెమ్ నుంచి అరచెయ్యి దాదాపు ముప్పై అయిదు సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. దూకి దిగిన ప్రతిసారీ ఒంటి బరువంతా ఆ దూరంతో గుణించి ఒక చిన్న పట్టు మీద పడుతుంది.

విరిగిన ముక్క చాలా విషయాలు చెబుతుంది. మా మేనల్లుడి స్నేహితుడు ఒకడు తెచ్చిన స్టెమ్ ఇంకా నా దగ్గర ఉంది. దిగుడు దారిలో, నాలుగు బోల్టులతో హ్యాండిల్‌ను పట్టి ఉంచే దాని ముందు పలక ఊడిపోయింది. అదృష్టం బాగుండి వాడు గడ్డిలో పడ్డాడు, పై పెదవికి కుట్లు పడ్డాయి. భూతద్దం పెట్టి చూస్తే నాలుగు బోల్టులదీ నాలుగు కథలు. పైన కుడివైపు బోల్టు విరిగిన ముఖంలో ముప్పాతిక వంతు నున్నగా, నల్లగా ఉంది. ఆ నునుపు మీద, ఎండాకాలంలో చెరువు నీరు తగ్గుతూ గట్టున వదిలే చారల్లా, ఒకదాని వెనక ఒకటి సన్నని గీతలు. పగులు ఎక్కడ ఆగి మళ్లీ ఎక్కడ కదిలిందో ఆ గీతలు చెబుతాయి. నలుపు అంటే మట్టీ చెమటా చాలాకాలంగా ఆ పగులులోకి దిగుతున్నాయని అర్థం. చివరి పావు వంతు మాత్రం గరుకుగా, కొత్త లోహం రంగులో మెరుస్తోంది. ఆ ఆదివారం తెగింది అంతే. మిగతాది అంతకుముందే విరిగిపోయి ఉంది. ఎడమవైపు రెండు బోల్టులు గరుకుగా ఒక్కసారే తెగాయి. తోడు పోయాక బరువంతా వాటి మీద పడింది. కింద కుడివైపు బోల్టు అసలు విరగలేదు. దాని చుట్టూ అల్యూమినియం మర ఊడి, బోల్టుతోపాటు చుట్టలా బయటికి వచ్చేసింది. దాన్ని ఎవరో ఎప్పుడో మితిమీరి తిప్పారు.

అంటే ఒకే స్టెమ్‌లో ఒక బోల్టు మరీ వదులు, ఇంకొకటి మరీ బిగువు. హ్యాండిల్ కోణం సర్దుకోవడానికి ఒక్కో బోల్టునూ పూర్తిగా బిగించి పక్కదానికి వెళ్తే ఇలాగే అవుతుంది. మొదటి బోల్టు బిగిసినప్పుడు పలక ఒక మూలకు ఒరుగుతుంది. రెండోది బిగిస్తే మొదటిది వదులవుతుంది. అది మళ్లీ ఎవరూ చూడరు.

సరిగా చేసే తీరు చెబుతాను. ముందు బోల్టులన్నీ తీసి మరల్ని గుడ్డతో తుడవాలి. బోల్టు చేత్తో సాఫీగా దిగాలి. వేళ్లతో దిగనిదాన్ని కీతో తోయకూడదు. హ్యాండిల్ పెట్టి నాలుగూ వేళ్లతోనే తాకేదాకా తిప్పాలి. పలకకూ స్టెమ్‌కూ మధ్య సందు పైనా కిందా సమానంగా ఉందో లేదో చూడాలి. తరవాత ఎదురెదురు మూలల వరసలో, ఒక్కో దానికి పావు చుట్టు చొప్పున. రెండు న్యూటన్ మీటర్లకు ఒక వరస, నాలుగుకు ఒక వరస, చివర రాసిన అంకెకు ఇంకో వరస. ఆఖరి వరస మళ్లీ ఒకసారి చేస్తే మొదటి బోల్టులు కొంచెం తిరుగుతాయి. తిరగడం ఆగేదాకా చేయాలి. కొన్ని స్టెములకు పైసందు పూర్తిగా మూసి, కింది బోల్టులతోనే బిగువు తెచ్చే పద్ధతి ఉంటుంది. అది వాటి మీదే రాసి ఉంటుంది. అలాంటివాటికి సమాన సందు పెడితే తప్పు.

గొట్టం వైపు రెండు బోల్టులకు వరస వేరు. స్టెమ్ పైన మూతలా ఒకటి ఉంటుంది, దాని మధ్యలో ఇంకో బోల్టు. హ్యాండిల్‌ను పట్టి ఉంచేది అదేనని చాలామంది భ్రమపడి దాన్ని శక్తికొద్దీ తిప్పుతారు. దాని పని బేరింగుల సందు తీయడం వరకే. పక్క బోల్టులు రెండూ వదులు చేసి, మూత బోల్టును హ్యాండిల్ ఊగడం ఆగేంత మాత్రమే తిప్పి, స్టెమ్‌ను చక్రంతో సూటిగా నిలబెట్టి, అప్పుడు పక్క బోల్టుల్ని మార్చి మార్చి అంకె దాకా బిగించాలి. పక్క బోల్టులు బిగిసి ఉండగా మూతను ఎంత తిప్పినా బేరింగుకు ఏమీ చేరదు, మూత పగులుతుంది.

కార్బన్ హ్యాండిల్ ఉన్నవాళ్లకు ఇంకో మాట. దానికి గ్రీజు రాయకూడదు. సన్నని గరుకు పొడి కలిపిన పేస్టు అమ్ముతారు. అది రాస్తే తక్కువ బిగువుకే పట్టు దొరుకుతుంది. కార్బన్‌ను ఎక్కువ నొక్కితే లోపలి పొరలు చితికిపోతాయి, పైన రంగు మాత్రం చెక్కు చెదరదు.

రెంచ్ కొనేవాళ్లు దాని కొలతల హద్దు చూసుకోవాలి. కార్ల గ్యారేజీ నుంచి అడిగి తెచ్చుకున్న రెంచ్ ఇరవై దగ్గర మొదలై రెండు వందల దాకా పోతుంది. స్టెమ్‌కు అది పనికిరాదు. రెండు నుంచి ఇరవై మధ్య కొలిచేది కావాలి. క్లిక్కు రకం అయితే ఒక్క క్లిక్కు వినగానే ఆపాలి, "ఇంకోసారి చూద్దాం" అని తిప్పితే బిగువు ఇంకా పెరుగుతుంది. పని అయ్యాక దాని స్ప్రింగును అన్నిటికంటే తక్కువ కొలతకు తిప్పి పెట్టాలి. సూది రకం చవక, చెడిపోయేది కూడా తక్కువ. సూది వంగితే సున్నా దగ్గర లేకపోవడం కంటికే కనబడుతుంది. నాకు అదే ఇష్టం.

ఇప్పుడు చాలా ఇళ్లకు గేరు సైకిల్ అట్టపెట్టెలో వస్తోంది. హ్యాండిల్ పక్కకు తిప్పి కట్టేసి ఉంటుంది. పెట్టెలో ఒక ఎల్ కీ, సన్నని ఇంగ్లిష్ అక్షరాల కాగితం. నాన్న ఆదివారం పూట వరండాలో కూర్చుని బిగిస్తాడు. పిల్లవాడు పక్కనే తొందరపెడుతుంటాడు. సాయంత్రానికి సైకిల్ అపార్ట్‌మెంట్ ర్యాంప్ మీద ఉంటుంది. ఈ పని తేలిక అని ఆ పెట్టె నమ్మించడం నాకు నచ్చదు. గేరు సైకిల్ అమ్మే ప్రతి షాపులో ఒక టార్క్ రెంచ్ ఉండాలి. పెట్టెలో పంపేవాళ్లు ఏ బోల్టు ఎంత బిగించాలో తెలుగులో ఒక పేజీ వేయాలి. అది పెద్ద ఖర్చు కాదు. అంతవరకూ, ఇంట్లో బిగించినా సరే, మొదటిసారి తొక్కే ముందు కొలత ఉన్న చేతికి ఒకసారి చూపించండి. కొత్త సైకిల్ కొన్నిసార్లు తొక్కాక ముక్కలు సర్దుకుని బిగువు కొంత తగ్గుతుంది. అప్పుడు ఇంకోసారి చూపించాలి.

విశాఖ సముద్రపు గాలి, మన ఎండల చెమట, ఇంట్లో స్టాండు మీద పెట్టి తొక్కేవాళ్ల నుదుటి నుంచి బొట్లు బొట్లుగా కారే ఉప్పునీరు... ఇవన్నీ స్టెమ్ బోల్టుల తలల మీదే పడతాయి. అక్కడ తుప్పు ఎర్రగా కనబడితే గీకి రంగు వేయకండి, బోల్టు మార్చండి. అదే రకం, అదే పొడవు. పొట్టి బోల్టు వేస్తే అల్యూమినియంలో నాలుగైదు మరలే పట్టుకుంటాయి. కనీసం బోల్టు లావుకు ఒకటిన్నర రెట్లు, అంటే ఎం5కు ఏడున్నర మిల్లీమీటర్లైనా లోపలికి దిగాలి.

హ్యాండిల్ దగ్గర కిరకిర వినిపిస్తే నూనె చుక్క వేసి చప్పుడు ఆపడం మనకు అలవాటు. దయచేసి అలా చేయకండి. విప్పండి, తుడవండి, ఎండలో పెట్టి బోల్టు రంధ్రాల చుట్టూ, పలక మూలల్లో చూడండి. రంగు మీద వెంట్రుకంత గీత ఉంటే గోరుతో అడ్డంగా గీయండి, గోరు తట్టుకుంటే అనుమానించండి. మేము ఇరుసుల పనిలో వాడిన ఎర్రరంగు పరీక్ష ఇంట్లోనూ చేయవచ్చు. ఆ డబ్బాలు వెల్డింగ్ సామాన్ల షాపుల్లో దొరుకుతాయి. పైరంగు ఉన్నచోట దాన్ని తీసేసి, శుభ్రం చేసి, ఎర్ర ద్రవం కొట్టి, డబ్బా మీద రాసినంతసేపు ఆగి, తుడిచేసి, తెల్ల పొడి కొట్టాలి. పగులు ఉంటే లోపల దాగిన ఎరుపు తెలుపు మీదికి గీతలా ఊరుతుంది. చూపు దాటిపోయిన పగుళ్లు కూడా ఇందులో దొరుకుతాయి.

పగులు దొరికిన స్టెమ్‌ను వెల్డింగ్‌కు తీసుకెళ్లకండి. ఆ మిశ్రమం తన బలాన్ని వేడి చేసి, చల్లార్చే పద్ధతి వల్ల తెచ్చుకుంది. వెల్డింగ్ వేడికి ఆ బలం పోతుంది. మర పోయిన రంధ్రాన్ని పెద్దది చేసి లావు బోల్టు వేయించడం కూడా వద్దు, చుట్టూ మిగిలే గోడ పలచబడుతుంది. గట్టిగా పడ్డ సైకిల్‌కు వంగిన హ్యాండిల్‌ను వెనక్కి వంచి వాడొద్దు. వర్క్‌షాపులో తిరస్కరించిన ముక్కను అలాగే వదిలేవాళ్లం కాదు, మళ్లీ ఎవరూ బండికి ఎక్కించలేకుండా చేసి పంపేవాళ్లం. మీరూ ఆ స్టెమ్‌ను పాత ఇనుప సామాను వాళ్లకు వేసే ముందు రంపంతో రెండుగా కోయండి. అల్యూమినియం మెత్తన, ఎంతోసేపు పట్టదు. కోయకపోతే దాన్ని ఎవరో తుడిచి, మెరుగుపెట్టి, ఇంకో పిల్లవాడి సైకిల్‌కు బిగిస్తారు.